గెంతని మనిషి

"గెంతమ్మా," అన్నాడు తుర్కో మళ్ళీ. ఈసారి నవ్వుతూ అనలేదు.

ఆమె గెంతలేదు. కాంక్రీటు మెట్టు మీద నిలబడి, కాగితం పొట్లంలోంచి వేయించిన మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ ఫుట్‌బాల్ మైదానం వైపే చూస్తోంది. చుట్టూ స్టాండు స్టాండంతా ఊగిపోతోంది. వేలమంది ఒకేసారి ఎగిరి ఒకేసారి దిగుతుంటే కాళ్ళ కింద మెట్లు అదురుతున్నాయి. డప్పు మోతకి తగ్గట్టు అందరి నోటా ఒకటే పాట: "గెంతనివాడెవడో వాడే బొలీవియావాడు."

పాట కొత్తదేం కాదు. అవతలి జట్టుది బ్యూనస్ ఐరిస్ శివార్లలో ఒక పేట. బొలీవియా నుంచి వచ్చినవాళ్ళు కూరగాయలమ్ముకుని, బట్టలు కుట్టుకుని బతికే చోటు. ఆ జట్టుతో ఆటంటే ఈ స్టాండులో ముసలీ ముతకా కూడా గెంతాల్సిందే. గెంతకపోతే ఏమవుతుందో కిందటేడు పైమెట్టు నుంచి కిందిదాకా దొర్లిన మనిషిని అడగాలి. పాపం, అతనికి మోకాలు నొప్పి, అంతే.

తుర్కో ఈ స్టాండుకి పెద్ద. వాళ్ళ తాత సిరియా నుంచి వచ్చి ఓడ దిగాడు. అటునుంచి వచ్చినవాళ్ళంతా ఇక్కడివాళ్ళ నోట్లో తుర్కులే కాబట్టి ఆ పేరు. డప్పు కొట్టేవాడు పొలాకో, వాడి ముత్తాతది పోలండు. ఓడ దిగినవాళ్ళ మనవలంతా అచ్చంగా ఇక్కడివాళ్ళే. కొండలు దాటి బస్సుల్లో వచ్చినవాళ్ళ సంగతే ఎన్నేళ్ళయినా తేలదు. ఎందుకని తుర్కోని అడిగే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"మోకాళ్ళ నొప్పులా?"

"లేవు నాయనా."

తుర్కో ఆమె మెడలోని ఆకుపచ్చ మఫ్లరుని చూశాడు. అది తమ జట్టుదే. తర్వాత వీపు మీద వేలాడుతున్న రెండు జడల్నీ చూశాడు. బొలీవియా ఆడవాళ్ళు వేసుకునే తీరు అది. అతనికి నచ్చలేదు. పక్కవాళ్ళు గెంతడం ఆపకుండానే కాస్త కాస్తగా ఎడం జరిగారు. ఆమె చుట్టూ ఖాళీ ఏర్పడింది. అందులోంచి కిందిదాకా మెట్లు కనిపిస్తున్నాయి. భయం ఆమెకీ వేసింది.

అంతలో కింద తొమ్మిదో నెంబరు ఒవెహేరో గీత దగ్గరికి వచ్చి నీళ్ళ సీసా అందుకున్నాడు. ఈ జట్టుకి గోల్స్ కొట్టేది అతనే. మొదటి గుక్క నేల మీద ఒలికించి, ఆ తర్వాత తాగాడు. ఎప్పుడూ అంతే. అది అతనికి అచ్చొచ్చిన అలవాటని అందరి నమ్మకం. అందుకే స్టాండులో ఎవరి చేతిలో ఉన్న కూల్‌డ్రింకు వాళ్ళు కాస్త ఒలికించారు. తుర్కో కూడా ఒలికించాడు. ఆమె అయితే అందరికంటే ముందే, తన నీళ్ళ సీసాలోంచి నేలతల్లికన్నట్టు ఒలికించింది.

అది చూసి తుర్కో కొంచెం మెత్తబడ్డాడు. ఆ అబ్బాయంటే ఇష్టమా అని అడిగాడు. ఇష్టమేనంది. ఇంక తుర్కోకి ఉత్సాహం వచ్చేసింది. ఒవెహేరోది సాల్టా అనీ, మన ఉత్తరాది మట్టిలో పుట్టిన బంగారమనీ, రేపో మాపో దేశం జట్టులోకి పిలుపు వస్తుందనీ చెప్పుకొచ్చాడు. అవతలివాళ్ళు మాత్రం కుళ్ళుకొద్దీ అతన్ని బొలీవియావాడని కూస్తున్నారట. ఆ మాట తన ఎదురుగా అన్నవాడికి ముందుపళ్ళు లేవట.

"తల్లీ తండ్రీ ఇద్దరూ సాల్టావాళ్ళే. పేపర్లో కూడా వేశారు."

"ఆ అబ్బాయే చెప్పాడా?" అంది ఆమె.

"వాడి నోటితోనే."

ఆమె నోట్లో గింజ నమలడం ఆపింది.

"సరే విను," అన్నాడు తుర్కో. "మనం గెలిస్తే ఆటగాళ్ళు ఇక్కడికొచ్చి మనతోపాటు గెంతుతారు. అప్పుడు కూడా ఇలాగే గుంజలా నిలబడ్డావనుకో, కిందికి నడిచి వెళ్ళవు."

"ముందు ఆ అబ్బాయిని గెంతనీ. తర్వాత నా సంగతి చూద్దువుగాని."

తుర్కో పగలబడి నవ్వాడు. వాడు గెంతకపోవడమేంటి, వాడికేం ఖర్మ అంటూ పొలాకోకి కూడా చెప్పి నవ్వించాడు.

ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ఒవెహేరో తలతో కొట్టిన బంతి వలలో పడింది. స్టాండు మీద పిడుగు పడ్డట్టయింది. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోయారు. ఆమె మాత్రం మఫ్లరు కొస నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది.

విజిల్ మోగింది. ఆటగాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని వరసగా స్టాండు ముందున్న కంచె దగ్గరికి వచ్చారు. పాట మళ్ళీ మొదలైంది. వరసంతా గెంతుతోంది. మధ్యలో ఉన్న ఒవెహేరో తలెత్తి స్టాండు వైపు చూశాడు. వేలమంది ఎగురుతున్న చోట కదలకుండా నిలబడ్డ ఒక్క మనిషి కంట పడడానికి ఎంతసేపు పడుతుంది? అతని కాళ్ళు ఆగిపోయాయి. పక్కవాళ్ళ చేతులు అతని భుజాల్ని పైకి లాగుతున్నా అతను లేవలేదు. తుర్కో కనుబొమ్మలు ముడిపడ్డాయి. డప్పు కొంచెం మందగించింది.

ఒవెహేరో తల దించుకున్నాడు. తర్వాత గెంతాడు. అందరికంటే ఎత్తుగా గెంతాడు.

తుర్కో గుండెల నిండా ఊపిరి పీల్చుకుని ఆమె భుజం మీద చేయి వేశాడు. పొలాకో డప్పు పక్కన పెట్టి ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆమె ముందు మెట్లు తప్ప ఇంకేమీ లేవు.

"చూశావా? వాడు గెంతాడు. ఇంక నీ వంతు."

ఆమె పొట్లం మడిచి సంచిలో పెట్టుకుంది. కింద ఇంకా తల దించుకునే గెంతుతున్న ఆ అబ్బాయిని కళ్ళారా చూసుకుంది.

"మా ఇంట్లో ఒక్కరైనా గెంతకుండా ఉండొద్దా నాయనా," అంది.