వెయ్యికో చుట్టు

పర్వతాలు లాలాగూడ గల్లీలోకి ట్రాలీ ఆటో తిప్పేసరికే దొంగ నోటి నిండా రక్తం ఉంది.

ఆదివారం. ఓంప్రకాశ్ లేత్ షాపు ఒక్కటి తప్ప గల్లీలో అన్నీ మూసి ఉన్నాయి. ఆ ఒక్క షాపు ముందు మాత్రం జనం ఎగబడి ఉన్నారు. లోపల బల్లకు బిగించిన పాత వైస్ ఉంది. పని చేసేటప్పుడు ఇనుప ముక్క కదలకుండా దాన్లో పెట్టి బిగిస్తారు. ఇవాళ దాని దవడల మధ్య ఉన్నది ఇనుము కాదు. దొంగ కిషన్ కుడిచేతి వేళ్లు.

తాళం పగలగొట్టి, ఆ వైస్ బోల్టులు విప్పుతూ దొరికిపోయాడు. ఇక చూడండి, చెప్పులతో కొట్టినవాడు చెప్పులతో, కర్రతో కొట్టినవాడు కర్రతో. ఇంట్లో పెళ్లాం ముందు నోరెత్తలేని వాడు కూడా వచ్చి ఒక తన్ను తన్ని పోయాడు. ఊరికే దొరికిన ఒళ్లు కదా, ఎవడు వదులుతాడు.

"వేళ్లు నుగ్గునుగ్గు జేస్తా" అని ఓంప్రకాశ్ వైస్ పిడి పట్టుకుంటే, ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్న బుచ్చమ్మ ఒక్కతే అడ్డం పడింది.

"పాత ఇనుప సామాను కోసం మనిషి చెయ్యి తీస్తవా బిడ్డా?"

ఆ మాట ఓంప్రకాశ్‌కు సుర్రుమంది. "పాత ఇనుమా? ఇంగ్లీషోళ్ల నాటిది ఇది. మా మామ పానం లెక్క చూసుకున్నడు. సరే, తెలిసినోణ్నే పిలుస్తా. పనికిరాదంటే ఈణ్ని వదిలేస్తా. లేదంటే ఎన్ని వేలు చెప్తే అన్ని చుట్లు తిప్పుతా. వెయ్యికో చుట్టు."

అలా పర్వతాలుకు ఫోన్ పోయింది. చిలకలగూడలో పాత పనిముట్లు కొని అమ్ముతాడు. ఆ వ్యాపారంలో అతని మాటకు తిరుగులేదు. షరతు ఏమిటో ఫోన్‌లోనే విన్నాడు. తింటున్న అన్నం వదిలేసి లేచి వచ్చాడు.

జనాన్ని తోసుకుంటూ కిషన్ దాకా వచ్చాడు. వాడికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండో కంటితో పర్వతాలునే చూశాడు.

"సేటూ... సేటూ, జెర నువ్వన్న..."

మాట పూర్తి కానివ్వలేదు. పర్వతాలు వాడి మూతి మీద చాచి కొట్టాడు. "నోరు ముయ్‌రా దొంగ నా కొడకా."

జనం హుషారయ్యారు. ఎవడో ఈల వేశాడు. పర్వతాలు వైస్ మీదికి వంగాడు.

"ముందు వేళ్లు బయటికి తియ్యిండ్రి భాయ్. మధ్యల అవి ఉంటే నేనేం చూస్తా?"

ఓంప్రకాశ్ పిడి వదులు చేశాడు. ఇద్దరు మనుషులు కిషన్ మణికట్టును అక్కడే బల్ల మీద అదిమి పట్టుకున్నారు.

పర్వతాలు స్క్రూ చివరిదాకా విప్పి, మరల మీద గోరు పెట్టి లాగాడు. ఎక్కడా అరుగుదల లేదు. దవడ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఇసుమంతైనా కదల్లేదు. ఇలాంటి సరుకు కంటబడి ఎన్నేళ్లయిందో. తక్కువలో తక్కువ ఇరవై వేలు పలుకుతుంది. మూడో చుట్టుకే ఎముకలు పిండి అవుతాయి. అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"చెప్పు పర్వతాలన్నా, ఎన్ని?" ఓంప్రకాశ్ అరచేతులు రుద్దుకుంటున్నాడు. షాపు మామ ఇచ్చింది. గల్లా దగ్గర కూర్చోవడమే తప్ప ఏనాడూ చేతికి మరక అంటించుకోని మనిషి. పని తెలిసిన వాళ్లంతా సెలవులో ఉన్నారు. ఆశ అంటూ ఉంటే అదొక్కటే.

"సుత్తె ఇయ్యి. మంచిదైతే గంట లెక్క మోగుతది. లోపల పలిగితే మోగది."

ఎడమ అరచెయ్యి వైస్ మీద గట్టిగా అదిమిపెట్టి, కుడిచేత్తో కొట్టాడు. అట్లా అదిమి పడితే గుడిగంటైనా మోగదు. ధబ్‌మంది. ఇంకోసారి కొట్టాడు. మళ్లీ ధబ్.

"విన్నవా? లోపల పలిగింది. ఇగో, ఈ గీత చూడు." అది పోత పోసినప్పుడు పడిన అచ్చు గీత, ప్రతి వైస్‌కూ ఉంటుంది. "రేపోమాపో రెండు ముక్కలైతది. వెయ్యి సుత రాదు భాయ్."

వెయ్యి రాకపోతే చుట్టు లేదు. ఓంప్రకాశ్ మొహం మాడిపోయింది. నలుగురిలో మాట అనేశాడు మరి, వెనక్కి తీసుకోలేడు. ఆ కసంతా కిషన్ డొక్కలో తన్ని తీర్చుకున్నాడు. వాడు ముడుచుకుని కింద పడ్డాడు. పడ్డాక ఇంకా నలుగురు కాళ్లు లేపారు.

పర్వతాలు మధ్యలోకి దూరి వాడి మీదికి వంగాడు. రెండు తన్నులు అతని వీపుకే తగిలాయి.

"సచ్చిండంటే కేసు నీ మీదికే వస్తది. ఆటోల ఎయ్యిండ్రి, దవాఖానల పడేస్తా. ఆ ఇనుం సుత ఇచ్చెయ్, తూకానికి తీసుకుంటా. దాన్ని చూసినప్పుడల్లా నీకు తక్లీఫే."

"తీస్కపో" అని ఓంప్రకాశ్ ఉమ్మేశాడు. "రెండూ తుక్కే."

వైస్ విప్పి ట్రాలీలోకి ఎత్తారు. పక్కనే కిషన్‌ను పడుకోబెట్టారు. బుచ్చమ్మ పర్వతాలు చేతికి నీళ్ల గ్లాసు ఇచ్చి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"నీ కడుపు సల్లగుండ కొడకా. వానికి చెయ్యి మిగిల్చినవ్."

పర్వతాలు నీళ్లు తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, ఆటో స్టార్ట్ చేశాడు.

చిలకలగూడలో తన షాపు చేరి, షట్టర్ లోపలి నుంచి కిందికి లాగి, వైస్‌ను బల్లకు బిగించి, కిషన్ వేళ్లు మళ్లీ దాని దవడల మధ్య పెట్టి, "నేను పంపితే పోయినోనివి, దొరికినంక నలుగురిల నన్నే గుర్తువడ్తవారా?" అంటూ పర్వతాలు మొదటి చుట్టు తిప్పాడు.