అయిదో మనిషి

"ఛీ, పాపను ముట్టుకోకు!"

టెస్సా చంకలోని పాపను గభాల్న పక్కకు లాక్కుంది.

కాసినో ఎదురుగా బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చున్న ముసలాయన, చాచిన మఫ్లర్‌ను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"చలికి వణుకుతోంది కదా తల్లీ, అందుకని..."

ఆ మఫ్లర్ కంపు ఆమె దాకా కొట్టింది. ఆయనకు ముందు పళ్లు లేవు. పొద్దంతా ఆ బెంచీ మీదే ఉంటాడు. కాసినోకు వచ్చేవాళ్ల చేతుల్లో ఏవో చీటీలు కుక్కుతుంటాడు. మతం పిచ్చోడనుకుని అందరూ తప్పుకుపోతారు.

కానీ ఈవేళ ఆమెకు ఈ మనిషితోనే పనిబడింది.

కాసినో క్లబ్బులో అయిదుగురు కొత్తవాళ్లను చేర్పిస్తే గది హీటరు ఉచితం. చెల్లెలు, పక్కింటామె, లాండ్రీలో కనబడిన ఇద్దరు ఆడవాళ్లు, మొత్తం నలుగురయ్యారు. పథకానికి ఈ రోజే ఆఖరు.

"నీకు గుర్తింపు కార్డుందా?"

"ఉంది."

"అయితే లోపలికొచ్చి క్లబ్బులో చేరు. పాత స్నేహితులమని చెబుదాం. నీకు కడుపునిండా భోజనం పెడతారు."

"నేను లోపలికి రాను తల్లీ."

"అబ్బో! గుమ్మం ముందే కాపురం పెట్టావు, గడప దాటడానికి సిగ్గొచ్చిందా?"

ఆయన బోసినోటితో నవ్వాడు. "నువ్వు ఆడతావా?"

"నేనా! ఆ మిషన్ల మోత వింటేనే వాంతికొస్తుంది. నా మొగుడు కోడీ జీతమంతా అక్కడే తగలేశాడు. ఇంట్లో హీటరు కూడా అమ్మి ఆడాడు. ఏడు నెలల్నుంచీ మానేశాడులే. వాళ్ల నోట్లోంచి ఒక్క హీటరు వెనక్కి లాక్కుంటే తప్పా?"

ముసలాయన నవ్వు ఆగిపోయింది. పాప వైపు చాలాసేపు చూశాడు.

"పద్నాలుగేళ్లయింది. మర్చిపోయుంటార్లే," అని గొణుక్కుంటూ మోకాళ్లు పట్టుకుని లేచాడు. "పద జూనీ, మీ అమ్మకు హీటరు తెద్దాం."

టెస్సా ముక్కు మూసుకుని వెనకే నడిచింది.

కౌంటర్లో అమ్మాయి ఆయన కార్డు నంబరు కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆమె మొహంలో నవ్వు పోయింది. ఇద్దరు గార్డులు వచ్చి నిలబడ్డారు.

"వెర్నన్ గారూ, బతికుండగా ఏ కాసినోలోనూ అడుగుపెట్టనని పద్నాలుగేళ్ల కింద మీరే రాసిచ్చారు. పెడితే కేసవుతుంది. తెలుసుగా?" అన్నాడు ఒక గార్డు.

"తెలుసు బాబూ. ఈ అమ్మాయికి మాత్రం నన్ను లెక్కలో వెయ్యండి."

"అదెలా కుదురుతుంది?"

టెస్సాకు ఒళ్లు మండిపోయింది. "తెలిసీ వచ్చావా! ఒక్క మనిషి తక్కువై నా బిడ్డ చలికి చావాలి. థూ, నీ మొహం చూడ్డమే పాపం!"

"తప్పే తల్లీ," అన్నాడు. తర్వాత గార్డు వైపు తిరిగాడు. "సాయంత్రం ఆరింటికి నాకు ఫోనొస్తుంది. అప్పటికి వదిలేస్తారా?"

"ఎవరు చేస్తారు, గవర్నరా? ఫోనిలా ఇవ్వు."

గార్డు ఆయన జేబులు తడిమేటప్పుడు చీటీలు జలజలా రాలాయి. ఒకటి పాప కోటు మడతలో పడింది. టెస్సా చూసుకోలేదు.

ఇంటికి రాగానే సబ్బు పెట్టి మూడుసార్లు చేతులు కడుక్కుంది.

ఆరింటికి కోడీ ఎప్పటిలాగే వంటింటి మూల నిలబడి ఫోను చేశాడు. ఏడు నెలలుగా ఒక్కరోజు తప్పలేదు. ఆ కాసేపూ ఆమె మూతి ముడుచుకుని వేరే గదిలో కూర్చుంటుంది.

ఈవేళ మాటలు వినబడలేదు.

"ఎత్తట్లేదు," అన్నాడు కోడీ.

"అసలెవరా మహానుభావుడు?"

"ఆట మానేసినవాళ్లం, మాలో పేర్లు బయటికి చెప్పుకోం టెస్సా, నీకెన్నిసార్లు చెప్పాలి?"

మళ్లీ చేశాడు. మళ్లీ మళ్లీ చేశాడు. అతని వేళ్లు బల్ల మీద టకటక కొట్టుకోసాగాయి. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఆటకు వెళ్లే ముందు వినబడే చప్పుడది.

"ఊరికే అలా తిరిగొస్తా," అంటూ ఫోను బల్ల మీద పడేసి కారు తాళాలు తీసుకున్నాడు.

"కోడీ!"

కారు వెళ్లిపోయింది.

పాప ఏదో నములుతోంది. "ఛీఛీ" అంటూ టెస్సా దాని నోట్లో వేలు పెట్టి లాగింది. సగం తడిసిన చీటీ. విసిరేయబోయి, పెన్సిలు రాత చూసి ఆగింది.

"ఆడాలనిపిస్తే లోపలికెళ్లే ముందు నాకు ఫోను చెయ్యి. సాయంత్రం ఆరయ్యాక తప్పకుండా ఎత్తుతాను."

కింద నంబరు.

బల్ల మీద కోడీ ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. వరసగా తొమ్మిదిసార్లు అదే నంబరు.

పాప పేరు జూనీ అని ఆ ముసలాయనకు ఆమె చెప్పనే లేదు. ఆయనకది ఏడు నెలలుగా తెలుసు.