కనక కూర్చున్న బస్తా

"బస్తా మీంచి లే!" అన్నాడు ఆఫీసరు వీరభద్రరావు.

"లెగను," అంది కనక.

అది పత్తిగింజల చెక్క బస్తా. నూనె తీసేశాక మిగిలే ఆ చెక్క సాలూరు నుంచి నెలకొకటి చొప్పున కొండెక్కుతుంది. అది తిన్న ఆవు పాలతో పొంగిపోతుందని ఆఫీసు నమ్మకం. స్కీములో ఆవును తీసుకున్నవాళ్లకి చెక్క ఉచితం. పాలు మాత్రం పాచిపెంట కేంద్రంలో పొయ్యాలి. కనకకి ఇది ఏడో బస్తా. కేంద్రానికి ఇంతవరకూ ఒక్క చుక్క దిగలేదు. నెల కిందట బదిలీ మీద వచ్చిన వీరభద్రరావుకి ఈ సంగతి కంట్లో నలుసైంది. ఇవాళ బస్తాతో పాటు ఆవునీ తోలుకుపోదామని డ్రైవరు మల్లేశుని, ఓ మోకునీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"చెక్క అమ్ముకుంటున్నావు కదూ?"

"అమ్ముకుంటే ఆవు అలాగుంటాదా బాబూ? కళ్లెట్టి సూడు."

ఆవు నిగనిగలాడుతోంది. పక్కనే బకెట్లో రాత్రి నానబెట్టిన చెక్క ఉంది. మొదట్లో ఆవు ఆ వాసనకే మొహం తిప్పేసేది. వారం రోజులు ఉప్పు కలిపి, చోడిపిండి చల్లి, అరచేత్తో నోటికందించి అలవాటు చేసింది కనక. అంత చాకిరీ చేసిన మనిషిని పట్టుకుని అమ్ముకున్నావంటే ఒళ్లు మండదూ?

వీరభద్రరావు బకెట్లో వేలు ముంచి వాసన చూశాడు. అనుమానం చెక్క మీంచి పాల మీదికి మళ్లింది.

ఊరి పెద్ద భీముడు టీ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. నల్లటి బెల్లం టీ.

"పాలు లేవా?"

"ఎయ్యం బాబూ. మా ఊర్లో ఎవులూ ఎయ్యరు."

"చూశావా మల్లేశూ! ఊళ్లోవాళ్ల టీలోకి కూడా చుక్క మిగల్చడం లేదు. మొత్తం సాలూరు హోటళ్లకే తోలేస్తోంది. కనకా, పాలు పోస్తానని కాగితం మీద వేలిముద్ర వేశావా, లేదా?"

"నాగలికి ఎద్దునిమ్మన్నాను. ఎద్దుల స్కీము నేదు, ఆవుని ఒట్టుకెల్లమన్నారు. ఏలెయ్యమంటే ఏసినాను. పాలు పోత్తానని నా నోటితో ఎవులికీ సెప్పనేదు."

గొంతు గట్టిగానే ఉంది గాని, కనక కళ్లు మోకు మీదే ఉన్నాయి. ఆవు కొండ దిగిపోతే సోంబరు ఏమైపోతాడు? జోరువానలో, సోమవారం నాడు పుట్టాడు. ఆ కొండల్లో సోమవారం పుట్టినవాడికి వేరే పేరు వెతకరు. పుట్టగానే ఊపిరాడకపోతే, కనకే నోట్లోని జిగురు వేలితో తీసి, పాతగుడ్డతో ఒళ్లంతా రుద్ది బతికించుకుంది. ఉన్న ఒక్క ఎద్దూ లోయలో పడి చచ్చినప్పటినుంచి ఆమె పారతోనే మడి తవ్వుతోంది. సోంబరు అందివస్తే గాని ఆ నడుముకి విశ్రాంతి లేదు. వాడికి పాలు తక్కువ చేసే మాట ఎవరన్నా ఆమె ఊరుకోదు, ఆఫీసరైనా సరే.

"మల్లేశూ, పితుకు. ఎన్ని వస్తాయో తేలిపోతుంది," అన్నాడు వీరభద్రరావు.

మల్లేశు జీపులోంచి ఖాళీ బకెట్ తెచ్చి పొదుగు మీద చెయ్యి వేశాడు. చూస్తున్న ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఆవు ఒక్క తన్ను తన్నింది.

"కొత్త చెయ్యి కదండీ," అని నవ్వి, కాళ్లకి బందం వేసి మళ్లీ కూర్చున్నాడు మల్లేశు.

"దొంగతనం బాబూ అది!" అని అరిచింది కనక. బస్తా మీంచి మాత్రం కదల్లేదు.

"దొంగతనమా? ఎవరు దొంగ?"

బకెట్ సగం నిండింది. వీరభద్రరావు మొహం వెలిగిపోయింది.

"ఇన్ని పాలూ ఎవరికి పోస్తున్నావు? పేరు చెప్పు!"

"సోంబరుకి."

"ఎవడా సోంబరు? సాలూరులో హోటలుందా?"

"సాలూరు ఆడెప్పుడూ సూడనేదు. నా ఇంట్లో పుట్టినోడు."

"అన్నీ వాడే తాగేస్తాడా?"

"తాగుతాడు. ఆడి పాలు ఆడు తాగితే తప్పేటి?"

"తాగి ఏం చేస్తాడు?"

"ఇప్పుడేటీ సెయ్యడు. కొండమీద తిరుగుతాడు. పెద్దోడైతే నా మడి దున్నుతాడు."

"పనీపాటా లేకుండా సర్కారు పాలు తాగి తిరుగుతున్నాడన్నమాట! వాణ్ణి స్టేషన్లో కూర్చోబెడితే తిక్క కుదురుతుంది."

భీముడికి ఎందుకో దగ్గొచ్చింది. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"కూకోబెట్టు బాబూ, కూకుంటే," అంది కనక.

ఆ తలబిరుసుకి వీరభద్రరావు పళ్లు కొరికాడు. ఊరంతా చుట్టూ మూగింది. ఇంతమంది ముందు ఒక ఆడమనిషి చేతిలో ఓడిపోతే రేపు ఏ కొండమీదా తన మాట చెల్లదు.

"సరే. ఆ సోంబరుగాడు ఇప్పుడే నా ఎదటికొచ్చి, ఈ పాలు నావేనని చూపిస్తే ఆవూ నీదే, బస్తా నీదే. మళ్లీ ఈ గడప తొక్కను. రాలేదో, మోకు తయారుగా ఉంది."

"ఊరందరూ ఇన్నారు. మాట తప్పవు కదా?"

"తప్పను. పిలువు వాణ్ణి!"

కనక అప్పుడు లేచింది బస్తా మీంచి. ఆవు కాళ్ల బందం విప్పింది. కొండవైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి కేకేసింది.

"సోంబరూ! బేగి రా!"

తోకెత్తుకుని పరుగున వచ్చి, సోంబరు తల్లి పొదుగులో మూతి పెట్టాడు.