పురుగులమ్మ

మూడో దరఖాస్తునూ మేనేజరు చదవకుండానే ఆమె వైపు తోసేశాడు.

"బదిలీ మాటెత్తకమ్మా. నువ్వెళ్తే వాటి గతేంటి?"

ఖనిజప్పొడిని కరిగించి, రాగిని తొట్టెలోని నీళ్ళలోకి దింపే బ్యాక్టీరియా అవి. ఇంకెవరు చూసుకున్నా నాలుగో రోజుకే చస్తున్నాయి. ఈ కెమిస్టు చేతిలోనే బతుకుతున్నాయి. అందుకే గనిలో అందరూ ఆమెను పురుగులమ్మ అంటారు.

"పాప మా అమ్మ దగ్గర పెరుగుతోంది సార్. కనీసం నెలకోసారైనా..."

"ఒక్కరోజు నువ్వు లేకపోతేనే సగం చచ్చాయి కదా!"

ఆమె కళ్ళు తుడుచుకుంటూ ల్యాబుకు వచ్చింది. ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. వేడి పోకూడదని అక్కడ కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఊపిరాడనట్టనిపించి ఇంటికి ఫోన్ చేసింది. పాప ఎత్తింది.

"ఎవరే?" వెనకనుంచి అమ్మమ్మ గొంతు.

"ఫోనమ్మ! మాట్లాడతావా అమ్మా?" పాప అడుగుతున్నది అమ్మమ్మని.

ఆమె ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక క్యాంటీన్ వంటగదినుంచి ఉప్పు బస్తా ఈడ్చుకొచ్చింది. ఉప్పు పడితే అవి బతకవు. "నన్ను క్షమించండర్రా" అంటూ బస్తా మొత్తం తొట్టెలో కుమ్మరించింది. మళ్ళీ పెంచుకోడానికి విత్తనంగా విడిగా దాచిన సీసాల్లోనూ గుప్పెడేసి వేసింది. 

మూడో రోజు మైక్రోస్కోపు కింద ఒక్కటీ కదల్లేదు. ఆమె నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది.

"అన్నీ చచ్చిపోయాయి సార్. విత్తనానికి కూడా మిగల్లేదు. ఇక ఇక్కడ నాతో పనేముంది? పంపించెయ్యండి."

మేనేజరు ముఖం పాలిపోయింది. సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

"మొన్న నువ్వలా ఏడుస్తూ వెళ్ళాక నాకు మనసొప్పలేదమ్మా. పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. పొద్దున్నే వచ్చింది."

ఆమె కాగితం లాక్కుని చదివింది. బదిలీ ఉత్తర్వు. అమ్మావాళ్ళ ఊరికే. అక్షరాలు కళ్ళనీళ్ళలో అలుక్కుపోయాయి.

"కింది వాక్యం కూడా చదువు," అన్నాడతను మెల్లగా.

'బ్యాక్టీరియా బతికున్న తొట్టెను కొత్త ఉద్యోగికి అప్పగించిన తర్వాతే ఈమెను పంపవలెను.'

"మళ్ళీ మొదట్నించీ పెంచాలంటే," అడిగాడు మేనేజరు, "ఎన్నేళ్ళు పడుతుందమ్మా?"