తెల్లమచ్చలు

బల్ల మెల్లగా కదిలి, డ్రాయింగు మాస్టారిని ఛాతీ దాకా ఆ గుండ్రటి మెషీన్‌లోకి తీసుకెళ్లి ఆగింది. చేతులు రెండూ తలపైకి చాపించారు. ఛాతీకి వైర్లు అతికించారు. ముక్కు ఒకటే దురద. గోక్కోవడానికి లేదు.

"కదలకండి మాస్టారూ," స్పీకర్‌లోంచి టెక్నీషియన్ అమ్మాయి గొంతు. "గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునేలోగా కాస్త నిమ్మళిస్తుంది చూడండి, అప్పుడే ఫొటో తీయాలి. మీదేమో తొంభై ఎనిమిది మీద పరుగెడుతోంది. నెమ్మదించాలి."

"దానికే చెప్పు తల్లీ. నా మాట వినడం మానేసి మూడు నెలలైంది."

మూడు నెలల కిందటే అన్నయ్య ఇంటి ముందుగదిలో ఆయన తల ఊపాడు.

అన్నయ్యకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. తమ్ముడి రక్తం సరిపోయిందని తెలిసిన రోజు వదిన ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. గదిలో ఉన్న బంధువులందరూ ఆయన వైపే చూశారు. కిడ్నీ ఇస్తానన్నట్టు తల దానంతటదే ఊగింది. ఇక వెనక్కి ఎలా ఊపాలో ఆయనకి తెలియలేదు.

భయం. అంతకుమించి కారణం లేదు. పెళ్లాం పిల్లలు లేరు కాబట్టి చెప్పుకోవడానికి సాకూ లేదు. యాభై నాలుగేళ్లొచ్చి, కత్తి మాటెత్తితే చిన్నపిల్లాడిలా వణికిపోతున్నాడు. ఆ మాట ఎవరితో అంటాడు? అవతల కూర్చున్నది, చిన్నప్పుడు సైకిల్ వెనక ఎక్కించుకుని బడికి తీసుకెళ్లిన అన్నయ్య.

పరీక్షల్లో ఏదో ఒకటి తప్పుతాననుకున్నాడు. రక్తం పాస్. ఊపిరితిత్తులు పాస్. చదువుకునే రోజుల్లో ఎన్నడూ రాని మార్కులు ఇప్పుడొచ్చి మీద పడుతున్నాయి. మిగిలింది ఈ సీటీ స్కాన్ ఒక్కటే. గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుని ఉంటే తెల్లమచ్చల్లా కనబడుతుందట. ఆ మచ్చల్ని కొలిచి ఒక అంకె ఇస్తారట. అంకె పెద్దదైతే ఆపరేషన్ లేదు. లేకపోతే వచ్చే గురువారమే.

"ఏదైనా మంచి సంగతి తలుచుకోండి మాస్టారూ."

ఆయన కళ్లు మూసుకుని తలుచుకున్నాడు. నల్లబల్ల మీద సుద్దముక్కతో పొడిచినట్టు గుండె నిండా తెల్లమచ్చలు. ఒకటి కాదు, పది. ఇరవై.

"ఆ, అరవై ఎనిమిది! భలే. ఊపిరి తీసుకోండి. బిగబట్టండి."

మంచి సంగతంటే ఇదా, అని తన మీద తనకే రోత పుట్టేలోగా స్కాన్ అయిపోయింది.

ఆ అమ్మాయి లోపలికొచ్చి, వెంట్రుకలు లాగకుండా ఒక్కో వైరూ ఊడదీసింది. "ఇక ముక్కు గోక్కోండి. అద్దంలోంచి చూస్తూనే ఉన్నా, పాపం," అని నవ్వింది. అంత చిన్న మాటకి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయట బెంచీ మీద అన్నయ్య, వదిన.

"ఏరా, గుండె దొరికిందా? అసలు ఉందంటావా?" అన్నాడు అన్నయ్య.

"మీ వేళాకోళం మీరూనూ! వెన్నలాంటి గుండె. ఒక్క మచ్చ ఉండదు, చూడండి," అంది వదిన.

మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

గంట తర్వాత డాక్టరమ్మ ముగ్గుర్నీ పిలిచింది. రిపోర్టు కవర్ మీద చెయ్యి పెట్టి, "మాస్టారి కిడ్నీ మేము తీసుకోలేం," అంది. "వివరాలు ఆయనకే చెబుతాను. అది పద్ధతి."

వదిన కుర్చీలోనే వాలిపోయింది. "ఇప్పుడెలాగమ్మా?"

"డయాలసిస్ నడుస్తుంది. వెయిటింగ్ లిస్టులో పేరుంది. ఆశ వదులుకోకండి."

వదిన కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని మరిది వైపు తిరిగింది. "ఒంట్లో ఇంత జబ్బు పెట్టుకుని, ఇస్తానని వచ్చావా బాబూ! రేపట్నుంచి ఆ హోటల్ తిండి మానెయ్. క్యారేజీ నేను పంపిస్తా."

తిట్టినా బాగుండేది. ఆయన తల ఎత్తలేకపోయాడు.

"పదవే, వాణ్ని మందులు రాయించుకోనీ," అంటూ అన్నయ్య ఆవిణ్ని బయటికి నడిపించుకెళ్లాడు.

తలుపు మూసుకుంది. గుండెల మీంచి బండ దిగింది. దాని వెనకే ఇంకో బండ ఎక్కింది.

"అంకె ఎంత వచ్చిందమ్మా? నాలుగు వందలా? నేను... ఎన్నాళ్లుంటాను?"

డాక్టరమ్మ కంప్యూటర్ తెరని ఆయన వైపు తిప్పింది. బూడిద రంగు గుండె. మాస్టారు ముందుకు వంగి, పిల్లల బొమ్మలు దిద్దే కంటితో ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాడు. తెలుపు చుక్కంత కూడా లేదు.

"సున్నా," అంది డాక్టరమ్మ. "మీకేం జబ్బు లేదు."

ఆయన తెర వదిలి, బల్ల మీది రిపోర్టు కవర్ వైపు చూశాడు.

"నాకిష్టం లేదని నేనెవరితోనూ అనలేదే. మీరెలా కనిపెట్టారు?"

"కనిపెట్టింది నేను కాదు మాస్టారూ; 'మా తమ్ముడు కాదనలేడు, మా ఆవిడ నన్ను కాదననివ్వదు, స్కాన్ ఎలా వచ్చినా పనికిరాదని మీరే చెప్పండమ్మా' అని మొన్న డయాలసిస్ మంచం మీంచి నన్ను బతిమాలుకున్నది మీ అన్నయ్య."