దవడ నొప్పి

"అన్నయ్యా, దవడ నొప్పిగా ఉంది. ఎడం చెయ్యి లేవట్లేదు. తొందరగా..."

చెల్లెలి గొంతు అక్కడితో ఆగిపోయింది. ఫోను కింద పడ్డ చప్పుడు వినిపించింది.

పెద్దన్నకి అంతకంటే వినక్కర్లేదు. పదేళ్ల కిందట కూడా ఆమె సరిగ్గా ఇలాగే ఫోను చేసింది. అప్పుడు బావ కొట్టిన దెబ్బకి ఆమె దవడ వాచిపోయింది. మెలిపెట్టిన చేతికి నెల్లాళ్లు కట్టు ఉంది. ఆ రోజే అన్నలిద్దరూ బావని గోడకి అదిమిపెట్టి, "ఇంకోసారి దాని మీద చెయ్యి పడితే ఆ చెయ్యి ఉండదు" అని చెప్పొచ్చారు. అప్పట్నుంచీ ఆ ఇంటి మీద ఓ కన్నేసే ఉంచారు.

"కుక్క తోక వంకరేరా తమ్ముడూ" అన్నాడు పెద్దన్న.

అన్నదమ్ములది కార్ల సొట్టలు తీసే షెడ్డు. చిన్నన్న చేతిలో ఉన్న కొయ్యసుత్తి కింద పెట్టలేదు. మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చిన వదిన కూడా వాళ్లతోపాటు కారెక్కింది. మూడు వీధులు దాటడానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

బావ ఇంటి ముందు అతని కారు సిద్ధంగా ఉంది. ఇంజను ఆడుతోంది. తలుపు తీసి ఉంది. బావ సంచి పట్టుకుని గుమ్మం దిగుతున్నాడు.

"పారిపోతున్నాడన్నయ్యా!" చిన్నన్న కారు తాళం లాగి మురుగుకాలవలోకి విసిరేశాడు.

"నేను కొట్టలేదు బావా! ముందు దాన్ని ఆసుపత్రికి..."

మొదటి దెబ్బ పెద్దన్నది. బావ మూతి పగిలింది. రెండోది సుత్తిది. మోచెయ్యి విరిగిన చప్పుడు పక్కింటిదాకా వినిపించింది.

"కొట్టేటప్పుడు గుర్తురాలేదా ఆసుపత్రి? పుట్టింటివాళ్లు చచ్చారనుకున్నావా?"

జుట్టు పట్టుకుని హాల్లోకి ఈడ్చారు. సంచి చిరిగి నైటీ, తువ్వాలు, నీళ్ల సీసా కింద దొర్లాయి. వాటిని తొక్కుకుంటూనే కుమ్మారు. కుర్చీ విరిగితే ఆ కోడుతోనే వీపు వాయించారు. బావ పాక్కుంటూ చెల్లెలి వైపే వెళ్లబోయాడు. అదీ తప్పే అయింది. కడుపులో తన్నిన తన్నుకి రక్తం కక్కుకున్నాడు.

చెల్లెలు గోడకి చేరగిలబడి ఉంది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. దవడ పట్టుకున్న చేతిని తీసి, వద్దు వద్దన్నట్టు ఊపింది.

"ఇంకా వీణ్ణి వెనకేసుకొస్తున్నావటే?" పెద్దన్నకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతో ఇంకా గట్టిగా కొట్టాడు.

వదిన కొంగుతో ఆమె మొహం తుడిచింది. "ఈ చెమటలు మామూలేలే. నెలసరి ఆగిన దగ్గర్నుంచీ దీనికింతే. ఆయాసమన్నా, ఆవిర్లన్నా, అంతా ఆ వేడేనని చెప్తూనే ఉన్నా."

వదినకి యాభై దాటినా నెలసరి బాధ తీరలేదు. ఆడపడుచుకి ముప్పై ఎనిమిదికే తీరిపోయింది. "అదృష్టమంటే నీదేనే, ముందే సెలవిచ్చేశారు" అని నాలుగేళ్లుగా ఆటపట్టిస్తోంది.

"కాసిని నీళ్లు తాగమ్మా. మీ అన్నల్ని కానివ్వు" అంది.

అన్నలు అరగంట కానిచ్చారు. బావ కదలడం మానేశాక అలుపు తీర్చుకుంటూ ఇటు తిరిగారు. చెల్లెలు కూడా కదలడం లేదు.

ఇద్దర్నీ ఒకే కారులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఆమె వయసెంత?"

"నలభై రెండండీ" అంది వదిన.

"నెలసరి వస్తోందా?"

"నాలుగేళ్ల కిందటే ఆగిపోయింది."

"ముప్పై ఎనిమిదికే ఆగిపోతే ఎవరికీ చూపించలేదా?"

"దానికి చూపించడమేంటండీ? పీడా పోయిందనుకున్నాం."

పెద్దన్నకి ఒళ్లు మండిపోయింది. "వాడు గొడ్డుని బాదినట్టు బాదితే మీరు నెలసరి సంగతులడుగుతారేంటి? దాని దవడ చూడండి! చెయ్యి చూడండి! ముందు కేసు రాయండి!"

డాక్టరమ్మ అతని వేళ్ల సందుల్లో ఎండిపోయిన రక్తం వైపు చూసింది.

"ఆమె ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా లేదు, ఆ దవడ నొప్పి గుండెపోటుది, నెలసరి అంత ముందే ఆగితే ఆ ముప్పు ఎక్కువ, ఓ అరగంట ముందు తెచ్చుంటే బతికేది" అంది.