ఇరవై సెకన్ల మౌనం

"ఆపండి! మళ్ళీ ఎవరిదో కడుపు అరిచింది" అన్నాడు రికార్డిస్టు, హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంటూ.

"నాది కాదు" అన్నారు నలుగురూ ఒకేసారి. శ్రుతి కలవడంలో మాత్రం ఆ కుటుంబం పెట్టింది పేరు.

పియానో ముందు అక్క, వయొలిన్ పట్టుకుని తమ్ముడు, వయోలాతో తమ్ముడి భార్య అంటే మరదలు, చెల్లో వెనకాల అక్క మొగుడు అంటే బావ. రాసినాయన పోయి రెండు వందల ఏళ్ళయిన సంగీతాన్ని, కొత్త రికార్డింగు కోసం పొద్దున ఒక్క ఊపులో నలభై నిమిషాలు వాయించి పారేశారు. మిగిలింది ఇరవై సెకన్ల నిశ్శబ్దం. దానికోసం మధ్యాహ్నం నుంచి పంతొమ్మిదిసార్లు కూర్చున్నారు. ఒక్కసారీ పదకొండు సెకన్లు దాటలేదు.

"ఉత్త నిశ్శబ్దమే కదయ్యా, ఖాళీగా వదిలెయ్" అన్నాడు బావ.

"అలా వదిలేస్తే వినేవాళ్ళు మిషను చెడిపోయిందనుకుంటారండీ. ఒక భాగం అయ్యాక ఇంకోటి మొదలయ్యే లోపల ఈ హాలు గాలి వినబడాలి."

"అయితే మేం బయటికి పోతాం."

"మనుషులుంటే హాలు ఒకలా వినిపిస్తుంది, లేకపోతే ఒకలా. మీరుండాలి. ఉండీ లేనట్టుండాలి."

"అది మా ఆయనకి వెన్నతో పెట్టిన విద్య" అంది అక్క.

గోడ గడియారం అయిదుకి పావు తక్కువ చూపిస్తోంది. అయిదింటికి హాలుకి తాళం పడుతుంది. రేపు పొద్దున్నే కుర్చీలు పీకి గోడలకి చప్పుడు మింగే మెత్తలు కొడతారు. ఇక ఈ హాలు నిశ్శబ్దం ఎక్కడ వెతికినా దొరకదు. రికార్డిస్టు పేరు అచ్చయ్యే మొదటి డిస్కు ఇదే. "నిశ్శబ్దం లేకుండా వస్తే నువ్వూ రావద్దు" అని రికార్డింగు కంపెనీ యజమాని ముందే చెప్పాడు.

ఇరవయ్యోసారి మరదలి కుర్చీ కిర్రుమంది. ఇరవై ఒకటోసారి తొమ్మిదో సెకను దగ్గర, "ఏమండీ, ఊపిరి కాస్త మెల్లగా" అంది అక్క. ఇరవై రెండోసారి అన్నీ కుదిరాయి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. రికార్డిస్టు పళ్ళు బిగబట్టి వేళ్ళు మడుస్తున్నాడు.

"ఆహా, ఇప్పుడు కుదిరింది!" అన్నాడు తమ్ముడు.

"కుదిరితే నోరు మూసుకోలేవూ?" కసిరింది అక్క.

"నేను మూసుకునే ఉన్నానక్కా, బావే నాకేసి చూసి నవ్వాడు."

"మధ్యలో నన్నెందుకు లాగుతావయ్యా?"

"అన్నయ్యగారిని అనకండి. మీ నోటికి మొదట్నుంచీ తాళం లేదు" అంది మరదలు మొగుడితో.

హాలు చేపల బజారైంది. తాళాల గుత్తి పట్టుకుని కాపలాదారు గుమ్మంలోకి రానే వచ్చాడు.

రికార్డిస్టు చిన్నప్పుడు, పిల్లలందరూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తుంటే, వాళ్ళమ్మ ఒకే ఒక్క ప్రశ్నతో అందరి నోళ్ళూ మూయించేది. ఇప్పుడతనికి అది తట్టింది. చప్పుడు కాకుండా రికార్డింగు మీట నొక్కి లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాటండీ. పొద్దున వాయించినదాంట్లో ఒకచోట తప్పు దొర్లింది. ఎవరిదో వాళ్ళే చెబితే బావుంటుంది."

అతనికి తెలిసి తప్పూ లేదు, పాడూ లేదు. ఉత్త బొంకు. కానీ నలుగురి నోళ్ళూ టక్కున పడిపోయాయి. అక్క పియానో మెట్లకేసి చూసింది. తమ్ముడు కమానుకేసి చూశాడు. మరదలు తన చెప్పుల్లోకి చూసుకుంది. బావ కడుపు కూడా భయపడి ఊరుకుంది. పది. పదిహేను. పద్దెనిమిది. పంతొమ్మిది.

"నాదే!" అని ఏడుపు గొంతుతో లేచాడు బావ.

రికార్డిస్టు ఉన్నచోటే కూలబడ్డాడు. అయిదయింది. కాపలాదారు ఒక్కో లైటూ ఆర్పడం మొదలుపెట్టాడు.

"మూడో భాగంలో లెక్క తప్పి ఆగిపోయాను" అంటున్నాడు బావ. "నా పరువు పోకూడదని మీ ముగ్గురూ కూడా ఆగారు. మీ రుణం ఏ జన్మకి తీర్చుకోను!"

"మీరేంటి బావా, ఆగింది నేనైతే! రెండు కాగితాలు ఒకేసారి తిప్పేశా. మీరంతా నా కోసం ఆగారనుకున్నా" అన్నాడు తమ్ముడు.

"అయ్యో, నా కోసం కాదూ?" అంది మరదలు.

అక్క కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను వరుస వెతుక్కుంటున్నానర్రా. మీ మంచితనం తలుచుకుని మధ్యాహ్నం భోజనం కూడా సహించలేదు. తమ్ముడు తలూపాకే మళ్ళీ అందుకున్నా."

"ఊపలేదక్కా. మెడ పట్టేస్తే అటూ ఇటూ తిప్పుకున్నా."

కింద కూలబడ్డ రికార్డిస్టు తలెత్తాడు. "ఆగారా? నలుగురూనా? ఎంతసేపు?"

ఎవరికీ తెలీదు. అతను గబగబా పొద్దుటి రికార్డింగు పెట్టి, మూడో భాగం దాకా జరిపి, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. కడుపు లేదు. కుర్చీ లేదు. బావ ఊపిరి అసలే లేదు. చీమ చిటుక్కుమనలేదు. ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఇరవై మూడు సెకన్లు! పొద్దున ఇదే చోట, రాసిన మహానుభావుడు ఎంత గొప్ప మౌనం పెట్టాడో అనుకుని అతను చప్పుడు కాకుండా కన్నీళ్ళు పెట్టుకున్నాడు.